చూసినవారి సంతకం

సెప్టెంబర్ 8, సోమవారం

ఇందుమూలంగా భూగర్భ అంతస్తులోని యావన్మందికీ తెలియజేయడమేమనగా: కాఫీ గది రెండో అరలో బోర్లించి ఉండు, చెవి విరిగిన నీలం కప్పు లోనీ క్రెబ్స్ అనే నా సొంత ఆస్తి. దానిని తాకినవారు, దానిలో కాఫీ తాగినవారు, తాగి కడగనివారు తమ తమ సొరుగులలో రబ్బరు ఎలకను దర్శించుకోగలరు. ఈ శాసనము నేటి ఉదయం ఆరు గంటల నుండి అమలులోకి వచ్చినది. అప్పీలు లేదు.

శాసనం అయింది. ఇక మామూలు భాష.

ఈ పుస్తకం డెల్లా ఇచ్చింది. "నీ వెధవ పనులన్నీ ఇందులో రాసుకో నాన్నా, పక్కవాళ్లకి కాస్త ఊపిరాడుతుంది" అంది. ల్యాబుల్లో ప్రయోగాలు రాసుకునే పుస్తకం. పేజీలకు అంకెలు అచ్చువేసి ఉన్నాయి. దీనికి మళ్లీ చట్టాలు. పేజీ చింపకూడదు. రబ్బరుతో తుడవకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత కొట్టాలి, కింద రాసింది కనబడుతూనే ఉండాలి, పక్కన పొడి అక్షరాల సంతకం, తేదీ. ప్రతి పేజీ అడుగున రెండు గీతలు: 'రాసినవారు', 'చూసినవారు'.

"చూసినవారెవరే?"

"ఎవరైనా. చదివి, అవును ఇది ఇలాగే రాశాడు అని సంతకం పెట్టాలి. అది లేకపోతే చెల్లదు."

"నా పుస్తకం చూడ్డానికి ఎవడొస్తాడు?"

"నీకెవరున్నారు? నేనే."

"నువ్వు చదవకూడదు."

"అయితే చెల్లదు పో" అని నవ్వుకుంటూ కాలేజీకి వెళ్లిపోయింది.

పదకొండో తరగతి మధ్యలో బడి నన్ను వదిలించుకుంది. ఆ పగ తీర్చుకోవడానికి పంతొమ్మిదేళ్లుగా యూనివర్సిటీలోనే ఉన్నాను, గుండె జబ్బుల పరిశోధన భవనం అడుగున, ఎలకల పెట్టెలు కడుగుతూ.

సెప్టెంబర్ 19

డెల్లా నలభై ఒకటో ఈమెయిల్ పంపింది. ఇంతవరకు వచ్చిన జవాబులు మూడు. రెండు "ఖాళీ లేదు." మూడోది, ఆ ప్రొఫెసర్ నెలాఖరు దాకా పోర్చుగల్‌లో ఉంటాడని అతని కంప్యూటర్ దానంతటదే ఇచ్చిన జవాబు.

"మూడింటిలో అదొక్కటే మర్యాదగా ఉంది" అన్నాను.

దానికి నవ్వు రాలేదు. మూడో ఏడు వచ్చేసింది. వచ్చే జూన్‌లో మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెట్టాలి. "మార్కులు చాలవు నాన్నా. మార్కులు అందరికీ ఉంటాయి. ఏదో ఒక ల్యాబ్‌లో పనిచేసుండాలి. ఆ ప్రొఫెసర్ నా గురించి ఉత్తరం రాయాలి."

"జీతమెంత?"

"ఇవ్వరు."

"ఎలకల మురికి కడిగితే నాకిస్తున్నారు కదే! నువ్వు నాకంటే తక్కువ చదువుకుని ఉండాల్సింది."

ఇలాంటి చోటే మా భవనంలోని డాక్టర్ హాల్వర్సన్ ల్యాబ్‌లో ప్రెంటిస్ అనే కుర్రాడికి ఒక్క ఈమెయిల్ కూడా రాయకుండా దొరికింది. వాడి మేనమామ డీన్. ఎలకల గది గుమ్మంలో నిలబడి "బాస్, ఆ బండి కాస్త తియ్యి" అంటాడు నాతో. బాస్ అట. నా వయసు వాడి వయసుకు రెండింతల పైమాటే.

అక్టోబర్ 2

పైనున్న నలభై ఒక్కమందికి తెలియనిది అడుగునున్న నాకు తెలుసు. డాక్టర్ హాల్వర్సన్ దగ్గర పనిచేసే అమ్మాయి ప్రసవానికి సెలవు పెట్టింది. శనివారాలు ఎలకలకు సూదులు వేసేవాళ్లు లేరు. ఈ ఉదయం ఆవిడే ఫోన్లో ఎవరితోనో అంటోంది, నేను నీళ్ల గొట్టం పట్టుకుని పక్కనే ఉన్నాను. మమ్మల్ని గోడకు కొట్టిన మేకుల్లా చూస్తారు, మేకుకు చెవులుండవు కదా.

డెల్లాకు చెప్పాను. "ఈమెయిల్ వద్దు. ఆవిడ గురువారం పదకొండున్నరకి ఎలకల గదిలోంచి బయటికొస్తుంది. స్వయంగా వెళ్లి ఎదురుగా నిలబడు. శనివారం నాకు ఖాళీ అను. ఇంకేం అనకు."

"మా నాన్న ఇక్కడే పనిచేస్తారని చెప్పనా?"

"అస్సలు వద్దు."

దానికి వాళ్లమ్మ ఇంటిపేరు ఉంది, ప్రూట్ అని. వాళ్లమ్మ వెళ్తూ వెళ్తూ వదిలేసిన సామానులో పనికొచ్చింది అదొక్కటే.

"నీకు సిగ్గా, నాకు సిగ్గని నువ్వనుకుంటున్నావా?" అంది.

"రెండేళ్ల కిందట ఆవిడ సొరుగులో రబ్బరు ఎలక పెట్టాను. నా పేరు వింటే నీకు చోటివ్వదు."

ఇది నిజమే. మొత్తం నిజం కాదు గాని, నిజమే.

అక్టోబర్ 9

తీసుకున్నారు.

మొక్కజొన్న రొట్టె చేశాను. మాడింది. మాడినదే ఇద్దరం తిన్నాం.

అక్టోబర్ 24

ఎలకల గది తలుపుకు చిన్న అద్దం ఉంది. అందులోంచి చూస్తే తెల్ల కోటులో డెల్లా. నన్ను చూసి ముఖం కదపకుండా, "గుడ్ మార్నింగ్ సర్" అంది. నేనూ "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాను. బండి తోసుకుంటూ మూల తిరిగాక నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. ఇరవై ఒక్క ఏళ్లలో అది నన్ను సర్ అనడం ఇదే మొదలు.

హాల్వర్సన్‌వి ఆరు పెట్టెలు, పెట్టెకు నాలుగు ఎలకలు. మూడు పెట్టెలకు కొత్త మందు, మూడింటికి ఉత్త ఉప్పునీళ్లు. జూలై నుంచి నడుస్తోంది. ఏ పెట్టె ఏదో పెట్టె ముందు గూటిలో దూర్చిన కార్డు చెబుతుంది. కార్డు అబద్ధమాడితే చెవి చెబుతుంది, ఒక్కో ఎలక చెవికి ఒక్కో రకం రంధ్రాలు ఉంటాయి. కానీ చెవి చూసేవాడెవడు? అందరూ కార్డు చూస్తారు. ప్రెంటిస్ మరీను. శుక్రవారం బరువులు తూచడానికొచ్చి కార్డులు పైకి చదువుతాడు, సైన్యంలో హాజరు పట్టీ పిలిచినట్టు. లోపల ఎలక బదులు బంగాళాదుంప ఉన్నా తూచేస్తాడు.

డెల్లాకు వచ్చే వారం సూది వేయడం నేర్పుతారట.

నవంబర్ 7, శుక్రవారం

ఈ రోజు నా జీవితంలోకెల్లా గొప్ప వెధవ పని. వివరంగా రాస్తాను.

రెండో పెట్టెలో ఒకదానికి సగం తోకే ఉంది, పుట్టినప్పుడు తల్లి కొరికేసింది. ప్రెంటిస్‌కు అదంటే చులకన, "మిస్టర్ కురచ" అంటాడు. పొద్దున పెట్టెలు మార్చేటప్పుడు రెండో పెట్టె కార్డు తీసి ఐదోదానికి పెట్టాను, ఐదోదానిది రెండోదానికి. సాయంత్రం వాడొచ్చి రెండో కార్డు పిలిచి పెట్టె తెరిస్తే నాలుగూ నిండు తోకలే! రాత్రికి రాత్రి తోక మొలిచిందని పైకి పరిగెడతాడా, లేక ఏమీ గమనించకుండా తూచి పోతాడా? పరిగెడితే నవ్వొస్తుంది, పరిగెట్టకపోతే ఇంకా నవ్వొస్తుంది. వాడు వెళ్లగానే కార్డులు మళ్లీ సర్దేస్తాను. ఎవరికీ నష్టం లేదు.

మిగతాది రాత్రి ఇంట్లో రాస్తున్నాను. మధ్యాహ్నం నాతో పెట్టెలు కడిగే ఓడెల్ రిటైర్మెంట్ పార్టీ. ముప్పై నాలుగేళ్లు నాతో, నాకు ముందూ, ఇదే నేల మీద నిలబడ్డాడు. కేకు కోయబోతే కత్తికి రబ్బరు ఎలక తగిలింది. ఓడెల్ కత్తి పారేసి ఎగిరి గంతేశాడు. "ఒరే లోనీ! పోయేటప్పుడు కూడా నా గుండె పగలగొట్టి పంపాలనా, దరిద్రుడా!" అని నన్ను పట్టుకుని ఏడ్చాడు, నవ్వాడు. అంతా నవ్వారు. ఇంటికొచ్చినా నా పొట్ట నొప్పి తగ్గలేదు.

మంచి రోజు.

నవంబర్ 9, ఆదివారం

భోజనాల దగ్గర డెల్లా చేతులు చాపి చూపించింది. "వణకట్లేదు చూడు నాన్నా. నిన్న ఇరవై నాలుగింటికీ నేనొక్కదాన్నే సూది వేశాను. బరువులు కూడా నేనే తూచాను. ఒక్కటి కూడా కరవలేదు."

"బరువులు ప్రెంటిస్ పని కదా?"

"వాడు శుక్రవారం మధ్యాహ్నమే మ్యాచ్‌కి ఊరెళ్లిపోయాడు. నన్ను చూసుకోమన్నాడు. సరే అన్నాను, ఎవరికీ లేదనకూడదు కదా ఇప్పుడు."

నా ముద్ద నోట్లోనే ఉండిపోయింది. శుక్రవారం పార్టీ గొడవలో కార్డులు మళ్లీ సర్దడం మర్చిపోయాను.

"ఏమైంది?"

"ఉప్పెక్కువైంది" అన్నాను.

అప్పుడే లేచి వెళ్లొచ్చు. కానీ తలుపు దగ్గర నా గుర్తింపు కార్డు గీకితే ఆదివారం వచ్చినట్టు లెక్కలో పడుతుంది. రోజూ వచ్చేవాణ్ని, సోమవారం ఎవరికీ కనపడను. రేపు ఆరింటికల్లా వెళ్లి మార్చేస్తాను. ఉప్పునీళ్ల పెట్టెకు మందు పడినా, ఒక్క సూదే కదా. ఒక్క సూదితో ఏమవుతుంది?

నవంబర్ 10

ఐదున్నరకే వెళ్లాను. హాల్వర్సన్ నాకంటే ముందే వచ్చి ఉంది. డెల్లా పంపిన బరువులు ఆదివారం ఇంట్లో చూసుకుందట, రెండో పెట్టె బరువులు ఐదోదాని వరసలో ఉన్నాయట. సగం తోకదాన్ని అరచేతిలో పెట్టుకుని, చిన్న లైటుతో చెవి చూస్తోంది.

చెవి చూసేవాళ్లు ఒకరున్నారన్నమాట.

నవంబర్ 11

పెట్టెలు కడిగే గదికి, ఎలకల గదికి మధ్య గోడ సన్నం. యంత్రం ఆపి విన్నాను.

"కార్డులు నువ్వు మార్చావా, డెల్లా?"

"లేదు డాక్టర్. కార్డులు నేను ముట్టుకోలేదు."

"శనివారం ఈ గదిలోకి వచ్చింది నువ్వొక్కదానివే. పెట్టెలు దించి మళ్లీ పెట్టేటప్పుడు కార్డులు తారుమారవడం కొత్తవాళ్లకి మామూలే. నాకూ జరిగింది, నీ వయసులో. తప్పయిపోయిందను. దాంతో పోతుంది."

"నేను ముట్టుకోలేదు డాక్టర్."

పెట్టె మూత పడిన చప్పుడు.

"ఉప్పునీళ్ల గుంపుకి మందు పడింది. నాలుగు నెలల పని పోయింది. అది భరిస్తాను. కానీ జరిగిన తప్పు జరగలేదనేవాళ్ల చేతికి రేపు రోగిని ఎలా అప్పగించమంటావ్? నీ గురించి నేను ఏ ఉత్తరం రాయాలి?"

డెల్లా ఏమందో వినపడలేదు. తలుపు చప్పుడు వినపడింది. నేను బండి వెనక ఉన్నాను. నన్ను దాటుకుంటూ వెళ్లింది. ఈసారి సర్ అనలేదు.

నవంబర్ 12

ఆలోచించాల్సినవి:

చెబితే నా ఉద్యోగం పోతుంది. నా ఉద్యోగం ఉంది కాబట్టే డెల్లాకు ఇక్కడ ఫీజు లేదు. ఉద్యోగం పోతే చదువే పోతుంది. అప్పుడు ఉత్తరం ఉండి ఏం లాభం? అంటే నేను నోరు మూసుకోవడం దాని కోసమే.

ప్రెంటిస్ తన పని తాను చేసుంటే ఏమీ అయ్యేది కాదు. ఓడెల్ రిటైరవకపోతే కార్డులు గుర్తుండేవి. ఆ తల్లి ఎలక తోక కొరక్కపోతే అసలు ఈ గొడవే లేదు.

డెల్లాకు చెబితే నిమిషం ఆగదు, తనే వెళ్లి చెప్పేస్తుంది. అలా పెంచాను. నా ఖర్మ.

నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఐదోది నేను కనిపెట్టాను.

నవంబర్ 13

రేపు చెప్తాను.

నవంబర్ 14, శుక్రవారం

చెప్పాను.

మూడో అంతస్తుకు వెళ్లాను. హాల్వర్సన్ లేచి నిలబడి కుర్చీ చూపించింది. బయట మంచు పడుతోంది. నీలం కప్పులో కాఫీ ఇచ్చింది. అంతా చెప్పాను, తోక సంగతి, ప్రెంటిస్ సంగతి, కేకు సంగతి. సగం తోక దగ్గర ఆవిడ నవ్వింది కూడా. పెద్దగా కాదు, ముక్కుతో.

"డెల్లా మీ అమ్మాయా?" అంది.

"అవునండీ."

కాసేపు కిటికీలోకి చూసింది. "లోనీ గారూ, కార్డు ఎవరు మార్చినా చెవి మారదు. చెవి చూడటం ఆ అమ్మాయి పని. మీరు ఉద్యోగం పోగొట్టుకున్నంత మాత్రాన నా ఎలకలు తిరిగిరావు. ఆ అమ్మాయి చదువు మాత్రం పోతుంది. ఈ మాట మనిద్దరి మధ్యే ఉండనివ్వండి. మీరు చెప్పడానికి వచ్చారు, అది చాలు."

అది చాలు అంది. కిందికొచ్చి పెట్టెలు కడిగాను.

నవంబర్ 21

ఇరవై నాలుగింటినీ చంపేశారు. పనికిరానివాటిని ఉంచుకోరు. ఆరు పెట్టెలూ నేనే కడిగాను. రెండోది రెండుసార్లు కడిగాను.

డిసెంబర్ 16

డెల్లా మళ్లీ ఈమెయిళ్లు మొదలుపెట్టింది. ఒకాయన రమ్మన్నాడు. వెళ్తే, "ఇంతకుముందు ఎవరి దగ్గర చేశావు?" అన్నాడట. చెప్పిందట. "ఆహా" అన్నాడట. అంతే, ఆహా.

"ఆహా అంటే మంచిదే కదా" అన్నాను.

నా వంక చూసింది. పన్నెండేళ్ల వయసులో వాళ్లమ్మ ఎప్పుడొస్తుందని అడిగినప్పుడు కూడా నేనొక హాస్యం చెప్పాను. అప్పుడూ ఇలాగే చూసింది.

జనవరి 30

వారాంతాల్లో వాఫుల్ అట్లు వేసే హోటల్లో పనికి కుదిరింది. చేతులకు నూనె చుక్కల మచ్చలు.

మార్చి 12

ప్రెంటిస్ కిందికొచ్చి ఫోన్లో ఫొటో చూపించాడు. గోడకు పెద్ద పోస్టరు, గుండె బొమ్మ, కింద వాడి పేరు. "బాస్, చూశావా? హాల్వర్సన్ నాకు ఉత్తరం కూడా రాసేసింది."

"మీ మిస్టర్ కురచ పేరేదీ?" అన్నాను.

"ఎవరు?"

రబ్బరు ఎలక నా జేబులో ఉంది. వాడి కోటు జేబు నోరు తెరుచుకుని నా ముందే ఉంది. వేయలేదు. నవంబర్ తర్వాత దాన్ని ఎక్కడా వేయలేదు. ఊరికే జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఏప్రిల్ 27

అది చాలు అంది కదా ఆవిడ. నేను వెళ్లి చెప్పాను కదా. నేను చేయాల్సింది చేశాను.

జూన్ 1, సోమవారం

దరఖాస్తు రేపు మధ్యాహ్నం పంపుతుందట. నేనెందుకు డాక్టర్ కావాలనుకుంటున్నాను అని ఒక వ్యాసం రాయాలి. "విని చెప్పు నాన్నా, హాస్యాలు వద్దు" అని వంటింట్లో నిలబడి చదివింది.

మొదటి ముక్క వాళ్ల అమ్మమ్మ గుండె జబ్బు గురించి. బాగుంది. రెండోది ఇలా ఉంది, నాకు గుర్తున్నంత వరకు:

"మూడో సంవత్సరంలో ఒక ప్రయోగంలో నేను తప్పు చేశాను. నా అజాగ్రత్త వల్ల రెండు పెట్టెల కార్డులు తారుమారయ్యాయి. అంతకంటే పెద్ద తప్పు, నన్ను అడిగినప్పుడు కాదన్నాను. భయపడ్డాను. ఒక మనిషి నమ్మకాన్ని పోగొట్టుకున్నాక..."

"ఆగు" అన్నాను. "నువ్వు ముట్టుకోలేదన్నావు కదే."

కాగితం దించింది. "అన్నాను."

"మరి?"

"ఏమో నాన్నా. ఏడు నెలలుగా ఆ శనివారం తలుచుకుంటున్నాను. మొదట్లో కార్డులు గూట్లోనే కనబడేవి, నేను ముట్టుకోనట్టే. ఇప్పుడు తలుచుకుంటే నా చేతులే తీస్తున్నట్టు కనబడుతుంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. కార్డులకి కాళ్లు రావు కదా. నేనే మార్చుంటాను."

నేను పొయ్యి మీద గిన్నె వంక చూస్తున్నాను.

"పైగా మెడికల్ కాలేజీవాళ్లకి తప్పు ఒప్పుకున్నవాళ్లంటే ఇష్టమట. సలహాలిచ్చే ఆవిడ చెప్పింది. ఉత్తరం లేనివాళ్లకి ఇదే దారంట." చిన్నగా నవ్వింది. "నీ లాగే మాట్లాడుతున్నానా? చెప్పు, బాగుందా?"

"బాగుంది" అన్నాను.

"నిజంగా?"

"నిజంగా."

కళ్లు తుడుచుకుని, ఆ ముక్కలోని "అజాగ్రత్త" తీసేసి "నిర్లక్ష్యం" అని రాసుకుంది.

జూన్ 2, మంగళవారం, ఉదయం

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: నవంబర్ 14న ఈ పుస్తకంలో రాసినది పూర్తిగా కల్పితం.

మూడో అంతస్తుకు వెళ్లినంత వరకు నిజం. తలుపు మూసి ఉంది. లోపల హాల్వర్సన్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. చేయి ఎత్తాను, తట్టలేదు. మెట్ల మీదుగా దిగి వచ్చేశాను. ఆవిడ కుర్చీ చూపించలేదు. నవ్వలేదు. ఆ రోజు మంచు పడలేదు. చెవి చూడటం ఆ అమ్మాయి పని అన్నది ఆవిడ కాదు, నేను. అది చాలు అన్నదీ నేనే. నీలం కప్పు ఆవిడ గదిలో ఎందుకుంటుంది? అది నాది, చెవి విరిగింది, కింద కాఫీ గది రెండో అరలో ఉంది.

ఏడు నెలలుగా ఆ పేజీ తీసి చదువుకుంటున్నాను. చదవగా చదవగా ఆవిడ గొంతు కూడా వినబడేది. నిన్న డెల్లా తన చేతులు కనబడుతున్నాయన్నప్పుడు తెలిసింది, ఇంట్లో ఇద్దరికీ ఒకటే జబ్బని. కాకపోతే నేను చేయని మంచిని చేశాననుకున్నాను, అది చేయని తప్పును చేశాననుకుంటోంది.

పేజీ చింపుదామనుకున్నాను. అంకె ఉంది, తెలిసిపోతుంది. అందుకని చట్ట ప్రకారం అడ్డంగా ఒక్క గీత కొట్టాను. కింద రాసింది చక్కగా కనబడుతోంది. పక్కన లో. క్రె., నేటి తేదీ. తర్వాత వెనక్కి వెళ్లి నవంబర్ 7 పేజీ తీశాను. దానిలో కొట్టేయాల్సింది ఒక్క మాటే: "మంచి రోజు." రెండు పేజీల అడుగునా 'రాసినవారు' దగ్గర సంతకం పెట్టాను.

'చూసినవారు' ఖాళీగా ఉంది. అది లేకపోతే చెల్లదు.

డెల్లా స్నానానికి వెళ్లింది. వేసవి సెలవుల్లో దానికి హోటల్ పని రోజూ ఉంది, ఏడున్నరకి మొదలు. కాఫీ కలిపి బల్ల మీద దాని చోట పెట్టాను. నవంబర్ 7 పేజీ దగ్గర పుస్తకం తెరిచి కప్పు పక్కన పెట్టి, పైన పెన్ను పెడతాను. ఈ వాక్యం అయ్యాక పెడతాను.

నీళ్ల చప్పుడు ఆగింది.